సామర్లకోటలో రాక్స్‌బర్గు

లక్క యనిన తెలియని తెలుగు బాలుడుండడు. తిరునాళ్లలో కొనితెచ్చిన లక్కపిడతలతో ఆడుకొనని బాలికలు మన పల్లెలలో ఒకప్పుడు అరుదు. పాండవులను దహింపదలచి దుర్యోధనుడు వారణావతమున కట్టించిన లక్కయింటి కథను మీరు చదివియే యుందురు. ముఖ్యమైన కాగితములు గల సంచులకు, కవరులకు ముద్ర వేయునప్పుడు కరగించు ఎఱ్ఱని పదార్థము లక్కతో చేసినదే. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక గ్రామమున కళాకారులు అంకుడు కఱ్ఱను యంత్రముపై త్రిప్పుచు, దానిపై రంగు కలిపిన లక్కను అద్ది, అద్దమువలె మెఱయు బొమ్మలను చేయుచున్నారు.

ఈ లక్క ఎక్కడినుండి వచ్చును? తుమ్మబంకవలె ఇదియు చెట్టునుండి కారిన బంకయే యని పెక్కుమంది తలచుచుందురు. మన పూర్వులు లక్కను గూర్చి మిగుల యోచించిరి. అమరకోశమున లక్కకు గల పర్యాయపదములలో ద్రుమామయము అనునది యొకటి. ద్రుమమనగా చెట్టు, ఆమయమనగా రోగము. ఆ పేరు పెట్టినవాడెవడో చెట్టును దగ్గఱగా చూచినవాడు. లక్క పట్టిన కొమ్మ కృశించును, ఆకులు రాల్చును, కొన్నివేళల ఎండిపోవును. చెట్టునకు నిజముగా రోగమే పట్టినట్లుండును. అయితే ఆ రోగమునకు కాళ్లు, నోరు, ప్రాణము ఉన్నవి. ఆవగింజలో సగమైనను లేని ఎఱ్ఱని ప్రాణులు వేలకొలది కొమ్మపై చేరి, రసమును పీల్చి, ఆ లక్కను తమ చుట్టును కట్టుకొనుచున్నవి.

ఆ ప్రాణులు పుట్టుచుండగా తెలుగుదేశమున ఒక సీసా ముందు కూర్చుండి, భూతద్దము పట్టుకొని, కనులార చూచి, చూచినదానిని దినమువారీగా వ్రాసిపెట్టిన వైద్యుని చరిత్రము ఇది. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గు.

రాక్స్‌బర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమున ఎయిర్‌షైరు సీమలోని క్రెయిగీ అను గ్రామమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను. ఆ కాలమున మందులన్నియు చాలవరకు మొక్కలనుండియే తీయబడుచుండెను గనుక వైద్యవిద్యార్థులు వృక్షశాస్త్రమును తప్పక చదువవలసి యుండెను. అక్కడ ఆ శాస్త్రమును బోధించుచుండిన జాన్ హోప్ అను ఆచార్యుడు ఈ విద్యార్థికి మొక్కలపై విడువరాని ఆసక్తిని కలిగించెను. చదువు ముగియకమునుపే రాక్స్‌బర్గు ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్యసహాయకుడుగా సముద్రయానము చేసెను. 1776లో మద్రాసునకు వచ్చి అచ్చటి ఆసుపత్రిలో సహాయవైద్యుడుగా చేరెను.

మద్రాసులో ఆయన మొదట కొలిచినది మొక్కలను గాదు, గాలిని. వాయుపీడనము, వేడిమి, వర్షపాతము వీనిని నియతకాలములందు పరికరములతో కొలిచి పట్టికలుగా వ్రాయుచుండెను. ఆ పట్టికలు లండనులోని రాయల్ సొసైటీవారి గ్రంథములలో అచ్చుపడినవి. ఎవరును ఆజ్ఞాపింపని పనిని, ఎవరును జీతమియ్యని పనిని, ఒక్కదినమైనను తప్పక చేయుట సామాన్యము గాదు. ఈ అలవాటు ఆయనకు తరువాత మిగుల ఉపకరించినది.

1781లో రాక్స్‌బర్గు సామర్లకోటకు వైద్యుడుగా వచ్చెను. కాకినాడకు కొలది దూరమున నున్న ఈ యూరిలో అప్పుడు కంపెనీ సైన్యము విడిసియుండెడిది. ఒకవైపు గోదావరి డెల్టా భూములు, సముద్రతీరము. వేఱొకవైపు కొంత దూరమున కొండలు, అడవులు. మొక్కలను వెదకువానికి ఇంతకన్న అనుకూలమైన స్థలము దొరకదు. సైనికులకు చికిత్స చేయగా మిగిలిన కాలమునంతయు ఆయన తోటలయందును, కొండలయందును గడిపెను. సామర్లకోటలో ఒక తోట వేసి కాఫీ, దాల్చిన, జాపరా, మల్బరీ మొదలగువానిని పెంచి చూచెను. రాజమహేంద్రవరపు కొండలలో మిరియపు తీగెలు ఉన్నవని కనుగొని, 1787 ప్రాంతమున కంపెనీవారి ప్రోత్సాహముతో మిరియాల తోటను నాటించెను. ఏలేరు ఒడ్డున పెద్దాపురపు రైతులు చెఱకు పండించు పద్ధతిని, బెల్లము, పంచదార తీయు విధమును వారినుండి తెలిసికొని వివరముగా వ్రాసెను.

కంపెనీవారు ఈ పనులకు ధనము వెచ్చించినది మన దేశముపై ప్రేమచేత గాదు. మిరియాలు, నీలిమందు, పట్టు, ఎఱ్ఱరంగు ఇవి యన్నియు ఐరోపాలో బంగారువలె అమ్ముడుపోవు సరకులు. రాక్స్‌బర్గు కంపెనీ ఉద్యోగి. దాని లాభమును ఆయన మఱువలేదు. అయినను లాభము చేకూర్పని గడ్డిపోచనుగూడ అదే శ్రద్ధతో వర్ణించెనని ఆయన గ్రంథములను చూచినవారికి తెలియును.

ఆ కాలమున తెలుగుతీరమున ఆయన ఒంటరి కాడు. వృక్షశాస్త్రమునకు నూతనమార్గము చూపిన స్వీడను దేశపు లినేయసునకు శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనునతడు 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశమంతయు తిరిగి మొక్కలను, చెదలవంటి కీటకములను పరిశీలించియుండెను. ఆయన రాక్స్‌బర్గునకు మిత్రుడు, ఒకవిధముగా గురువు. 1785లో కోనిగ్ కాకినాడ చెంత జగన్నాథపురమున జబ్బుపడగా రాక్స్‌బర్గు చికిత్స చేసెను గాని ప్రాణము నిలుపజాలడయ్యెను. కోనిగ్ స్థానమున కంపెనీవారు విశాఖపట్టణమందుండిన పాట్రిక్ రస్సెల్‌ను నియమించిరి. మన దేశపు పాములను గూర్చి గొప్ప గ్రంథము వ్రాసిన రస్సెల్ ఆయనయే. రక్తపింజరికి శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టియున్నారు.

1787 మే నెలలో కోరంగి తీరమున ఘోరమైన ఉప్పెన వచ్చెను. సముద్రము లేచి గ్రామములపై బడెను. ఇరువది వేలమంది మరణించిరని ఆనాటి అంచనా. ఇంజరము వద్ద రాక్స్‌బర్గు పుస్తకములు, వ్రాతప్రతులు, ఏండ్లతరబడి కూర్చిన ఎండుమొక్కలు సమస్తము నీటిపాలయ్యెను.

విద్యార్థులారా, ఇది ఎట్టి నష్టమో కొంచెము ఊహింపుడు. ఎండుమొక్క యనిన విలువలేనిదిగా తోచును. కాని శాస్త్రజ్ఞునికి అది సాక్ష్యము. ఫలానా చెట్టును ఫలానా కొండపై చూచితినని చెప్పినచో, ఏదీ చూపుమని లోకమడుగును. చూపుటకు చేతిలో నేమియు లేనివాని మాట నిలువదు. సుమారు ముప్పదియాఱేండ్ల వయసున, పరదేశమున, పదునొకండేండ్ల శ్రమ ఒక్క ఉప్పెనతో పోగా ఆయన మరల మొదటినుండి ఆరంభించెను. నేడు మనము చదువుచున్న ఆయన రచనలలో సామర్లకోట కాలపువి చాలవఱకు ఆ ఉప్పెన తరువాత కూర్చినవే.

1789లో రస్సెల్ స్వదేశమునకు వెడలెను. మద్రాసు రాజధానిలో కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి రాక్స్‌బర్గునకు లభించెను. మన కథకు మూలమైన కొమ్మలు ఆయన చేతికి వచ్చినది ఆ సంవత్సరమే.

1789 నవంబరు 20వ తేదీన ఆయనకు కొండలనుండి కొన్ని కొమ్మలు తెచ్చియిచ్చిరి. అవి వెలుతురు చెట్టు కొమ్మలు. పల్నాటి బాలురకు ఈ చెట్టును వర్ణింపనక్కఱలేదు. మా రొంపిచెర్ల వంటి మెట్టయూళ్ల చుట్టుప్రక్కల బీళ్లలో పెరుగును; ముండ్లుండును; పూగుత్తి ఒకకొన గులాబిరంగు, ఒకకొన పసుపురంగుగా వ్రేలాడును. ఆ కొమ్మలను అంటిపెట్టుకొని క్రొత్త లక్క యుండెను. లక్కను తెచ్చినవారి పేర్లు ఎచ్చటను వ్రాసియుండలేదు. ఏ చెట్టుపై, ఏ ఋతువున లక్క దొరకునో ఎఱిగినవారు వారే. వారు కొండనుండి దిగి రాకున్నచో వైద్యుని భూతద్దమునకు పని లేకపోయెడిది.

రాక్స్‌బర్గు ఆ కొమ్మలను వెడల్పుమూతి గల గాజుసీసాలలో నుంచి, పైన పలుచగా కప్పి, వేచియుండెను. ఒక దినము గడచెను, వారము గడచెను, ఏమియు జరుగలేదు. మఱియొకడైనచో లక్కను కరగించి రంగు పరీక్షించి కొమ్మలను పాఱవేసియుండును. పదునాలుగవ దినమున, అనగా డిసెంబరు 4వ తేదీన, సీసాలో కదలిక కనబడెను. లెక్కింపరానన్ని ఎఱ్ఱని సూక్ష్మప్రాణులు లక్కపైనను, కొమ్మలపైనను ప్రాకుచుండెను. లక్కలోని సన్నని రంధ్రములనుండి ఇంకను వెలువడుచుండెను.

ఆయన భూతద్దముతో ఆ రంధ్రములను పరికించెను. వాని నడుమ చిన్న చిన్న బుడిపెలు కనబడెను. అవి జతలు జతలుగా నుండెను. వాని కొనలయందు మిగుల సన్నని తెల్లని వెండ్రుకలు కుచ్చువలె నుండెను. వెండ్రుకలను తుడిచివేసినచో రెండు తెల్లని చుక్కలు మిగిలెను. పిమ్మట ఆయన లక్కను మెల్లగా విఱిచి లోపల చూచెను. అది ముద్దగా లేదు. తేనెపట్టువలె గదులు గదులుగా నుండెను. పూసలు చేయు అంబరువలె ఆ గోడలు పారదర్శకముగా నుండెను. వెలుపలి గోడ దృఢమైనది. గదుల మధ్య గోడలు పలుచనివి. కొన్ని గదులు నాలుగు మూలలవి, కొన్ని అయిదింటివి, కొన్ని ఆఱింటివి. ఒక గదినుండి మఱియొక గదికి దారి లేదు. ప్రతి గదిలోను ఒక ప్రక్క చిక్కని ఎఱ్ఱని ద్రవముతో నిండిన చిన్న సంచి. ఆ ద్రవమునిండ గ్రుడ్లు. సంచికి రెండు మెడలు. అవి గోడను దూసికొని వెలుపలికి వచ్చి, తెల్లని కుచ్చులు గల ఆ బుడిపెలుగా ముగియుచుండెను. మఱియొక ప్రక్క దూదిపింజవంటి తెల్లని పదార్థము. దాని మధ్య వెలుపలికి పోవ సిద్ధముగా ప్రాకుచున్న పిల్లలు.

ఆ సంచి ఏమి? ఇప్పటి శాస్త్రమున దానికి సమాధానము కలదు. అది సంచి గాదు, తల్లిపురుగే. ఆడ లక్కపురుగు పిల్లగా నున్నప్పుడు ఆఱుకాళ్లతో నడచును. లేతకొమ్మను వెదకికొని, సూదివంటి నోటిని బెరడులో గ్రుచ్చి, రసము పీల్చుటకు మొదలిడును. ఆ నోటిని అది మరల తీయదు. దేహమునుండి ఒకవిధమైన జిగురు స్రవించి, గాలి తగిలినంతనే గట్టిపడి చుట్టును గోడవలె నేర్పడును. ప్రక్కనున్న పురుగుల గోడలును దీనితో కలిసిపోవును. కొమ్మచుట్టును ఒకే లక్కపొర యగును. లోపల ఆడుపురుగు కాళ్లను కోల్పోవును. నడువదు, చూడదు. రసము పీల్చుచు, లక్క స్రవించుచు, గ్రుడ్లతో నిండి సంచివలె నగును. గూడు మూసికొనిపోయినచో ఊపిరాడదు గదా! అందులకే ఆ రంధ్రములు. మైనపు పోగులైన ఆ తెల్లని కుచ్చులు జిగురు అడ్డుపడకుండ వానిని కాపాడును. పిల్లలు వెలువడునాటికి తల్లి ముడుచుకొని, వారికి చోటు విడిచి, మరణించును. ఆమె చుట్టిన గోడయే మనము అమ్ముకొను లక్క.

లక్క పురుగువలన కలుగునని మొట్టమొదట చెప్పినవాడు రాక్స్‌బర్గు గాదు. కొండజాతులవారికి అది వంశపారంపర్యముగా తెలిసిన విషయము. ఐరోపావారిలో తషార్ అను ఫ్రెంచి మతాచార్యుడు 1709 ప్రాంతముననే వ్రాసియుండెను. 1781లో జేమ్స్ కెర్ అనునతడు ఉత్తరదేశపు లక్కపురుగును వర్ణించెను. ఇప్పుడు ఆ పురుగునకు గల కెరియా లక్కా అను శాస్త్రీయనామమున కెర్ పేరు నిలిచియున్నది. రాక్స్‌బర్గు ప్రత్యేకత వేఱు. బ్రదికియున్న పురుగును సీసాలో నిలుపుకొని, గూడులోని అమరికను, పిల్లలు పుట్టు విధమును తేదీలతోసహా ఆయన వ్రాసెను. లండను చేరిన రస్సెల్ ఆ వ్యాసమును రాయల్ సొసైటీకి సమర్పించెను. 1791లో అది అచ్చయ్యెను. వ్యాసము శీర్షికలో సామర్లకోట పేరు కలదు. ఆయన పురుగునకు పెట్టిన చెర్మెస్ లక్కా అను పేరు తరువాతివారి వర్గీకరణమున నిలువలేదు. చూచి వ్రాసినది మాత్రము నిలిచెను.

ఈ ప్రాణిని చూచుటకు సామర్లకోట కొండల కేగనక్కఱలేదు. రేగు, మోదుగ, రావిచెట్లపై లక్క కనబడుచుండును. అది దొరకకున్నను దాని బంధువులు ప్రతి పెరటిలోను కలవు. జామచెట్టు ఆకును త్రిప్పి చూచినచో ఈనెల ప్రక్కన తెల్లని పిండివంటిది తఱచుగా అగపడును. మన పత్తిరైతులు దానిని పిండినల్లి యందురు. తుడిచి పాఱవేయుటకు ముందు ఒక్కసారి భూతద్దముతో చూచినచో పిండి క్రింద కాళ్లు, మీసములు గల ప్రాణి కదలుచుండును. అదియు రసము పీల్చును. లక్కకు బదులు మైనపు పిండిని కప్పుకొనును. మిగిలిన తీపిరసమును విసర్జింపగా దానికై చీమలు బారులు తీరును. ఆ తీపి పడిన ఆకులపై నల్లని మసి పట్టును. చీమలు ఎక్కుచున్న చెట్టుపై పైకి చూచినచో ఇట్టి కాపురము తఱచుగా దొరకును.

సీసాలో లక్కపురుగులు పుట్టిన ఆ రోజులలోనే సీసా వెలుపల దేశము ఎండిపోవుట మొదలిడెను. 1789 మొదలు 1792 వఱకు ఉత్తరసర్కారులలో వానలు సరిగా కురియలేదు. గోదావరి సీమలో కఱవు తాండవించెను. ప్రజలు ఊళ్లు విడిచి పోయిరి. లెక్కకు మిక్కిలిగా మరణించిరి. వానను కొలుచు అలవాటు గల రాక్స్‌బర్గు ఆ సంవత్సరములలో ఎంత వాన తగ్గినదో అంకెలతో చూపగలిగెను. ఇట్టి కఱవు పూర్వమెన్నడైన వచ్చినదా యని విచారించెను. పిఠాపురపు రాజావారు తమ పూర్వుల నాటి వ్రాతలలో వెనుకటి యొక ఘోరక్షామపు ప్రస్తావన కలదని తెలిపిరి. కఱవులు మరల మరల వచ్చునవియేమో యను ఊహ ఆయనకు కలిగెను. నేటి శాస్త్రజ్ఞులు ఆ కఱవును పసిఫికు సముద్రజలములు వేడెక్కుటచే కలుగు ఎల్ నినో అను మార్పుతో ముడిపెట్టుచున్నారు. వరి ఎండినను మనుష్యులు బ్రదుకవలెనని ఆయన తలంచెను. కాలువగట్లపైనను, బాటలప్రక్కలను కొబ్బరి, పనస, అరటి, సాగో వంటి ఆహారమిచ్చు చెట్లను నాటింపుడని అధికారులకు వ్రాసెను. ఆయన కోరినంతగా ఆ పని జరిగియున్నచో గోదావరి సీమ తరువాతి కఱవులలో కొందఱినైనను కాపాడుకొనెడిదని నాకు తోచును.

మొక్కలను వర్ణించుటకు మాటలు మాత్రమే చాలవని రాక్స్‌బర్గు ఎఱుగును. ఎండిన మొక్క రంగును కోల్పోవును. ఉప్పెన ఎంత పని చేయగలదో ఆయన చూచియే యుండెను. అందుచేత ఈ దేశపు చిత్రకారులను నియమించి, పచ్చిమొక్కను ఎదుట నుంచి, ఆకు, పువ్వు, కాయ, గింజ వేర్వేరుగా నిజప్రమాణమున చిత్రింపించెను. ఆ చిత్రములనుండి ఎన్నిన మూడువందలు వర్ణనలతో కూడ లండనులో 1795 మొదలుకొని కోరమండల తీరపు మొక్కలు అను పేర మూడు పెద్ద సంపుటములుగా వెలువడినవి. చిత్రకారుల పేర్లు ఆ పుటలలో లేవు. ఆ చిత్రములను చూచినప్పుడెల్ల ఇది లోపమనియే నేను తలంతును. కుంచె పట్టిన చేయి తెలుగువాడిదో, వేఱొక సీమవాడిదో యెఱుగు మార్గము మనకు లేదు.

మొక్కలకు మనవారు పెట్టుకొనిన పేర్లను మాత్రము ఆయన విడువలేదు. పుస్తకమున లాటినుపేరు ప్రక్కనే తెలుగుపేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసెను. కొన్నియెడల తెలుగుపేరే శాస్త్రీయనామమయ్యెను. సండ్రచెట్టునకు ఆయన మిమోసా సుండ్రా యని పేరు పెట్టెను. సోమిద చెట్టు బెరడు చలిజ్వరమునకు వాడదగిన మందని ఆయన కనుగొని దానిని ప్రచారము చేసెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ తెలుగుమాటనే ఆ చెట్టు ప్రజాతికి సొయ్మిడా యని నామముగా నుంచిరి. ఏటికొప్పాకవారు బొమ్మలు చేయు అంకుడు చెట్టునకు మొదటి శాస్త్రీయవర్ణనయు ఆయనదే. దాని ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని గూడ చూపెను.

1793లో కలకత్తాలోని కంపెనీ వనమునకు అధిపతిగా రాక్స్‌బర్గు నియమింపబడెను. హుగ్లీనది ఒడ్డున శివపురమున 1787లో రాబర్టు కిడ్ స్థాపించిన తోట అది. సామర్లకోట తోటను బెంజమిన్ హేన్ అను జర్మను వైద్యుడు చేపట్టెను. రాక్స్‌బర్గు రెండు దశాబ్దములు కలకత్తాలో పనిచేసి ఆ తోటను లోకప్రసిద్ధము గావించెను. 1814లో అచ్చయిన ఆ తోట పట్టికలో సుమారు 3,500 జాతుల మొక్కలుండెను.

అచ్చటగూడ ఆయనకు లక్కపురుగు బంధువు ఒకటి ఎదురయ్యెను. నాగజెముడుపై జీవించు కోచినీలు అను పురుగును ఎండించి నూఱినచో అమూల్యమైన ఎఱ్ఱరంగు వచ్చును. దానిని స్పెయినువారు మెక్సికోనుండి తెచ్చి అమ్మి ధనవంతులైరి. 1795లో నీల్సన్ అనునతడు బ్రెజిలునుండి ఆ పురుగులను కలకత్తాకు తెచ్చి రాక్స్‌బర్గునకు ఇచ్చెను. తోటలో అవి బ్రదికి, అతివేగముగా వృద్ధిపొందెను. కంపెనీవారు మహదానందము నొందిరి. అయితే అది మేలురకము గాదు, అడవిరకము, రంగు తక్కువ. పైగా తనకు ఆహారమైన నాగజెముడునే పూర్తిగా నాశనము చేసెను! వ్యాపారము చెడెను గాని, వేఱొక ప్రయోజనము తేలినది. పొలములను ఆక్రమించిన నాగజెముడును ఈ పురుగుచే తినిపింపవచ్చునని గ్రహించి, పందొమ్మిదవ శతాబ్దిలో దానిని దక్షిణదేశమునకును, సింహళమునకును బుద్ధిపూర్వకముగా కొనిపోయిరి. 1926లో దాని ప్రజాతిదే యైన మఱియొక పురుగును సింహళముమీదుగా తెచ్చి విడువగా, దక్షిణదేశమున వేలాది ఎకరములలో వేఱు రకముల నాగజెముడు నశించెను. కలుపును కీటకముచే తొలగించు పద్ధతికి లోకమున తొలి దృష్టాంతములలో ఇది యొకటి.

కలకత్తాలో ఆయన ఆరోగ్యము చెడెను. రెండు పర్యాయములు సెలవుపై స్వదేశమునకు వెళ్లి వచ్చెను. 1813లో చివరిసారిగా భారతదేశమును విడిచెను. త్రోవలో సెయింటు హెలీనా ద్వీపమున ఆగవలసివచ్చి, రోగియై యుండియు ఆ ద్వీపపు మొక్కలకు పట్టిక వ్రాసెను. 1815లో ఎడింబరోలో మరణించెను. అప్పటికి భారతదేశపు వృక్షములను గూర్చిన ఆయన మహాగ్రంథము ఫ్లోరా ఇండికా అచ్చు కాలేదు. వ్రాతప్రతిని ఆయన బెంగాలులో మిత్రుడైన విలియం కేరీ వద్ద విడిచి వెళ్లియుండెను. కేరీ దానిని కాపాడి శ్రీరామపురమున అచ్చొత్తించెను. మొదటి భాగములు 1820లోను, 1824లోను వెలువడెను. మొత్తము గ్రంథము 1832లో పూర్తియయ్యెను.

లక్కపురుగును శాస్త్రీయముగా పెంచుటకై 1924లో రాంచీ సమీపమున నామ్‌కుమ్‌లో ప్రత్యేకముగా నొక పరిశోధనసంస్థ వెలసెను. గ్రామఫోను పలకలు ఒకప్పుడు లక్కతోనే చేయబడుచుండెను. ఇప్పుడు మందుబిళ్లల పైపూతకు, కఱ్ఱసామాను మెఱుగునకు, పండ్లు చెడకుండ పూయుటకు లక్కను వాడుచున్నారు. రాక్స్‌బర్గు చిత్రింపించిన రెండువేల అయిదువందలకు మించిన మొక్కల చిత్రములు కలకత్తా వనమున ఒక ప్రతిగాను, లండను చెంత క్యూ వనమున ఒక ప్రతిగాను భద్రముగా నున్నవి. ఆయన తొలిసారి వర్ణించిన మొక్కల లాటినుపేర్ల చివర నేటికిని రాక్స్‌బ్. అను పొట్టిగుర్తును వ్రాయుచున్నారు. వెలుతురు చెట్టు చిత్రము ఆయన కోరమండల గ్రంథమున కలదు. దాని ప్రక్కన వెల్తూరు అను మన మాట ఇంగ్లీషు అక్షరములలో అచ్చుపడియున్నది.